బారాత్ మైలు

ఇంజన్ ఆయిల్ ఎన్ని మైళ్లకోసారి మార్చాలని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు నా నోట్లోంచి టక్కున ఒక అంకె వచ్చేది. ఇప్పుడు రాదు. "బండి ఏం పని చేస్తది?" అని నేనే తిరిగి అడుగుతాను. అడిగినవాళ్లు కొంచెం విసుక్కుంటారు. పెద్దాయనకు వయసైపోయింది, సూటిగా చెప్పలేకపోతున్నాడు అనుకుంటారు. అనుకోనీ.

పందొమ్మిదివందల అరవైల చివర్లో, గోల్కొండ దారిలో ఉన్న కార్వాన్‌లో పానా పట్టినవాణ్ణి. ఎనభైలలో కూడా చేతులకు గ్రీజే. ఈ మధ్య మా బంధువుల పిల్లలిద్దరు ఐటీఐ ముగించుకుని వర్క్‌షాపుల్లో చేరారు. వాళ్లలాంటి వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు మిస్త్రీనయ్యానో, ఎప్పుడు నన్ను ఉస్తాద్ అనడం మొదలుపెట్టారో అవన్నీ వాళ్లకు పనికిరావు. ఒక తెల్ల కారు గురించి, దాని యజమాని గురించి, దాన్ని నడిపిన మనిషి గురించి చెప్తాను. ఆయిల్ ఎప్పుడు మార్చాలో నేను నేర్చుకున్నది ఆ కారు దగ్గరే. చాలా ఆలస్యంగా, ఒక మంచి మనిషిని బాధపెట్టిన తర్వాత నేర్చుకున్నాను.

రంగు కాదు, వేళ్లు

నాకు పని నేర్పింది కార్వాన్‌లో మల్లయ్య ఉస్తాద్. మాట తక్కువ, ముక్కు ఎక్కువ. బండి షెడ్డులోకి వస్తుంటేనే వాసన చూసి, "బ్రేక్ పట్టుకుంటున్నది" అనేవాడు.

ఆ రోజుల్లో ట్యాక్సీవాళ్లంతా ఆయిల్‌ను రంగుతో కొలిచేవాళ్లు. నల్లబడిందా, చెడిపోయినట్టే. ఒకాయన ఆయిల్ మార్చిన వారానికే తిరిగొచ్చి లొల్లి పెట్టాడు.

"ఏం పోసినవ్ మల్లయ్యా? బొగ్గు లెక్క అయింది సూడు!"

ఉస్తాద్ అతన్ని పక్కనే ఉన్న బోరింగు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ ఒకామె బట్టలు ఉతుకుతోంది. బకెట్లో నీళ్లు మురికిగా ఉన్నాయి.

"సబ్బు చెడిపోయిందా, పని చేస్తున్నదా?"

"పని చేస్తున్నది."

"ఇప్పుడొచ్చే ఆయిల్ గూడ గట్లనే. ఇంజన్ లోపట ఉతుకుతది. నల్లబడకుంటెనే ఫికర్ చెయ్యాలె."

మరి ఎప్పుడు మార్చాలి? ఉస్తాద్ ఆయిల్ కొలిచే గేజి కడ్డీ బయటికి లాగి, దాని చివర చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. జారుతుందా, నీళ్లలా ఉందా, ఇసుకలా తగులుతుందా, ఏం వాసన వస్తోంది. అంతే. నాతోనూ చేయించాడు. నేను చేశాను, ఆయన చూస్తున్నంతకాలం. ఆ తర్వాత బట్టలు, బకెట్టు ముచ్చట మాత్రం చాలామందికి చెప్పి మెప్పు పొందాను. ఉస్తాద్ దగ్గర మాట నేర్చుకున్నాను కానీ అలవాటు నేర్చుకోలేదు. తర్వాత జరిగినదానికంతా మూలం అదే.

నెలవంక లెక్క

కార్వాన్ నుంచి నేను హుస్సేనీ ఆలంకు మారాను. అక్కడ హమీద్ సాబ్ అనే ఆయనకు కిరాయి బండ్ల షెడ్డు ఉండేది. రెండు ట్యాక్సీలు, ఒక వ్యాన్, ఒక పెద్ద తెల్ల కారు. వాటి ఇంజన్ల మంచీ చెడూ నా బాధ్యత. తెల్ల కారు పెళ్లిళ్లకే పోయేది, పెళ్లికొడుకును బారాత్‌లో ఊరేగించడానికి. గల్లీల్లో అందరూ షాదీ బండి అనేవాళ్లు. హిందువుల పెళ్లికీ అదే, ముస్లింల పెళ్లికీ అదే. నిన్న బంతిపూలు రాలిన సీటు మీద ఈరోజు గులాబీలు రాలేవి.

దాన్ని నడిపేది ఖాజా భాయ్. నాకంటే పదేళ్లు పెద్ద. పెళ్లి ఉన్న రోజు తెల్ల షర్టు ఇస్త్రీ చేయించుకుని, మీసానికి అత్తరు రాసుకుని వచ్చేవాడు. "పెళ్లికొడుకు ఎవరో తెలుస్తలేదు భాయ్" అని నేను ఏడిపిస్తే, "ఆయన ఒక్కసారి ఎక్కుతడు, నేను రోజూ ఎక్కుత. ఎవరు దూల్హా?" అనేవాడు.

హమీద్ సాబ్ షెడ్డులో ఆయిల్ మార్చడానికి ఒక పద్ధతి ఉండేది. నెలవంక కనబడిన మరునాడు నాలుగు బండ్లకూ ఆయిల్ మారాలి. వాళ్ల నాన్నగారి కాలం నుంచీ అంతే. మల్లయ్య ఉస్తాద్ నేర్పిన ప్రకారం నేను అమావాస్య రోజు ఏ ఇంజనూ తెరిచేవాణ్ణి కాదు. ఆయన నెలవంక కోసం చూసేవాడు, నేను అమావాస్య దాటాలని చూసేవాణ్ణి. ఇద్దరం దాదాపు ఒకే పొద్దున షెడ్డులో కలిసేవాళ్లం.

"చాంద్ ముబారక్, యాద్గిరి. ఆయిల్ బదల్."

అట్లా కొన్నేళ్లు హాయిగా గడిచింది. తెల్ల కారు ఇంజన్ ఒక్కసారి కూడా సతాయించలేదు.

అప్పుడే నాకు తెలివి ఎక్కువైంది. ఒక ట్యాక్సీ డిక్కీలో, కారుతో పాటు కంపెనీ ఇచ్చిన పుస్తకం దొరికింది. మా చిన్నబావ చదువుకున్నవాడు. అతని దగ్గర కూర్చుని అర్థం చెప్పించుకున్నాను. రెండువేల మైళ్లకోసారి ఆయిల్ మార్చమని అందులో ఉంది. మరునాడే హమీద్ సాబ్ ముందు నిలబడ్డాను.

"సాబ్, చందమామకు, ఆయిల్‌కు ఏం రిష్తా?"

"నాకేం తెలుసు రా! అబ్బాజాన్ చేసిండు, నేను చేస్తున్న. ఇంజన్ ఎన్నడన్న ఏడ్చిందా?"

"తెల్ల బండి నెలంత తిరిగింది చూస్తే, గోల్కొండకు నాలుగుసార్లు పోయొచ్చినంత లేదు సాబ్. మంచి ఆయిల్ తీసుకపోయి మోరీల పోస్తున్నం."

మురుగు మోరీ అనేసరికి ఆయన ముఖం మారింది. వృథా అంటే ఆయనకు గిట్టదు. అన్నం మెతుకు కింద పడితే తీసి పిట్టలకు వేసే మనిషి.

"సచ్చీ? అయితే నీ కితాబు లెక్కనే చెయ్."

ఖాజా భాయ్ పక్కనే నిలబడి కారు అద్దం తుడుస్తున్నాడు. "చాంద్‌ను నౌకరీల నుంచి తీసేసినవా ఉస్తాద్?" అన్నాడు. అందరం నవ్వాం.

చుక్క తాగని ఇంజన్

ట్యాక్సీలకు మైళ్ల లెక్క బాగానే కుదిరింది. వ్యాన్‌కూ కుదిరింది. తెల్ల కారుకు రెండువేల మైళ్లు నిండే ఆనవాలే లేదు. ఒక చాంద్ పోయింది, ఇంకో చాంద్ పోయింది. పెళ్లిళ్ల రోజులు వచ్చాయి, కారుకు ఊపిరాడని పని. అయినా మీటరు మీద అంకెలు మాత్రం నిద్రపోతున్నట్టే ఉండేవి.

ఖాజా భాయ్ రోజూ పొద్దున బానెట్ ఎత్తి, గేజి కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసేవాడు. ఆయిల్ పైగీత దగ్గరే ఉండేది.

"మాషా అల్లా! చుక్క గూడ తాగలే, యాద్గిరి!"

"ఎవరు కట్టిన ఇంజన్ అనుకున్నవ్ భాయ్?"

ఆ రోజుల్లో మా ఇద్దరికీ అదొక గర్వం. వాడిన ఇంజన్ కొంచెమైనా ఆయిల్ తాగుతుంది. ఇది తాగడం లేదు. ఒకసారి పైగీత కంటే కొంచెం పైకే కనబడింది. నేనే ఎక్కువ పోసి ఉంటానని అనుకున్నాను. పోయకుండా ఆయిల్ ఎలా పెరిగిందని అడగాల్సింది. అడగలేదు. చుక్క తీసి వేళ్ల మధ్య రుద్దనూ లేదు, వాసన చూడనూ లేదు. నా దగ్గర పుస్తకం ఉంది కదా.

ఒకరోజు పెళ్లి నుంచి తిరిగొచ్చిన కారు షెడ్డులోకి వస్తూనే ఇంజన్ లోపలి నుంచి టక్ టక్ అని దెబ్బలు. విప్పితే బేరింగులు అరిగిపోయి ఉన్నాయి. క్రాంక్ ఇరుసు మీద గీతలు పడ్డాయి. ఇంజన్ మొత్తం దించాల్సిందే.

హమీద్ సాబ్ వచ్చి నిలబడ్డాడు. పక్క షెడ్డువాళ్లు, ట్యాక్సీ డ్రైవర్లు చుట్టూ చేరారు. "ఎందుకైంది?" అన్నాడు ఆయన.

నేను ఆలోచించలేదు. నోటికొచ్చింది అనేశాను.

"బారాత్‌ల సగం క్లచ్ మీద, రేజింగ్ చేసుకుంట నడుపుతడు సాబ్. ఇంజన్ ఏం చేస్తది?"

సగం క్లచ్ మీద నడిపితే పోయేది క్లచ్ ప్లేటు, బేరింగు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ నిమిషంలో చేతికి అందిన మాట అది, అంతే. అక్కడితో ఆగలేదు కూడా.

"గంతగనం కొట్టుకుంటుంటే వినపళ్లేదా భాయ్? చెవుల దూది పెట్టుకున్నవా, అత్తరు పెట్టుకున్నవా?"

అందరూ పగలబడి నవ్వారు. ఖాజా భాయ్ నెమ్మదిగా అన్నాడు, "ముంగట మర్ఫా డప్పులు మోగుతుంటే ఏం వినపడ్తది ఉస్తాద్?"

"ఇన్నేండ్లు నడిపినోనికి చెవులతోని పనేంది? గేర్ రాడ్ మీద చెయ్యి పెడితే తెలువదా?"

ఖాజా భాయ్ చేతిలోని గుడ్డను మడిచి, మళ్లీ మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

హమీద్ సాబ్ చెప్పాల్సింది చెప్పేశాడు. "ఈసారి చేయిస్త. ఇంకొకసారి ఇంజన్ దిగిందంటే బండి తుక్కు కింద కబాడీకి పోతది. బండి లేకుంటే డ్రైవర్ తోని నాకేం పని, ఖాజా?"

ఆ తర్వాత ఖాజా భాయ్ మీసానికి అత్తరు రాయడం మానేశాడు. పొద్దున గేజి చూసినా మాషా అల్లా అనేవాడు కాదు. నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

పక్క సీట్లో

ఇంజన్ కట్టాం. కొత్త ఆయిల్ పోశాం. లెక్క మాత్రం అదే, రెండువేల మైళ్లు. మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఖాజా భాయ్ నా దగ్గరికి వచ్చాడు. నేను బండి కింద పడుకుని ఉన్నాను. వంగి, నా కాళ్లతోనే మాట్లాడినట్టు మాట్లాడాడు.

"యాద్గిరీ, ఇయ్యాల నా పక్కన కూసో. నా కాలు ఏం తప్పు చేస్తున్నదో చూసి చెప్పు. నౌకరీ పోతే నాకు వేరే పని రాదు రా."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఈరోజుకూ అనిపిస్తుంది. సరే అన్నాను. నిజం చెప్పాలంటే, ఆయన కాలు తప్పు పట్టుకోవడానికే ఒప్పుకున్నాను.

సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత బారాత్ బయలుదేరింది. ఇన్నేళ్లు ఆ కారు ఇంజన్‌ను విప్పి కట్టిన నేను, అది పని చేస్తుండగా అందులో కూర్చోవడం అదే మొదటిసారి. వెనక సీట్లో సెహ్రా పూల తెర వెనకాల పెళ్లికొడుకు, పక్కన ఇద్దరు ముసలివాళ్లు. ముందు మర్ఫా డప్పులు, వాటి ముందు ఎగురుతున్న కుర్రకారు. కారు నాలుగు అడుగులు పోతుంది, నిలబడుతుంది. మళ్లీ నాలుగు అడుగులు. ఖాజా భాయ్ కాలు చూశాను. అంత మెత్తగా క్లచ్ తొక్కే కాలును నేను ఇంకెక్కడా చూడలేదు. వెనక కూర్చున్నవాళ్ల తల కూడా ఊగడం లేదు.

అప్పుడు ఆయన చెయ్యి చూశాను. చల్లబడ్డ ఇంజన్‌కు ఎక్కువ పెట్రోలు ఇచ్చే చోక్ పిడి రెండు వేళ్లంత బయటికి లాగి ఉంది.

"ఇదేంది భాయ్? ఇంజన్ వేడిగనే ఉన్నది గదా, చోక్ ఎందుకు?"

"లేకుంటే గింత నెమ్మదిగ పోతే ఆగిపోతది."

"ఆగితే మళ్ల స్టార్ట్ చెయ్."

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "దూల్హా బండి బారాత్‌ల ఆగుతదా? ముసలోళ్లంత నా దిక్కు చూస్తరు. రేపు మొగుడు పెండ్లాలు గిచ్చుకున్నా ఖాజా బండి ఆపిండనే అంటరు. మీ వాళ్ల పెళ్లిల గూడ గంతే."

గంతే. నాకు తెలియనిది కాదు. మా పెళ్లిళ్లలోనూ అదే పట్టింపు.

నేను మీటరు చూశాను. చివరి అంకె కదలలేదు. ఇంజన్ మాత్రం ఎప్పటినుంచో తిరుగుతూనే ఉంది. చోక్‌తో ఎక్కువ పెట్రోలు తాగుతూ, కాలని పెట్రోలును కిందికి, ఆయిల్లోకి వదులుతూ. అప్పుడు నా బుర్రలో ఒక్కటొక్కటే వచ్చి కూర్చున్నాయి. చుక్క తాగని ఇంజన్. పైగీత దాటిన ఆయిల్. ఇంజన్ ఆయిల్ తాగుతూనే ఉంది, తాగినంత మేరా పెట్రోలు వచ్చి నింపుతోంది. మేమిద్దరం మాషా అల్లా అన్నది పెట్రోలును చూసి.

ఆయిల్ ప్రెషర్ ముల్లు చూశాను. కారు నిలబడ్డప్పుడల్లా సున్నా వైపు వాలుతోంది. నీళ్లలా పలచబడిన ఆయిల్ బేరింగులను ఇంకెంతసేపు కాపాడుతుంది? దెబ్బ మొదలైందా అని చెవులు రిక్కించాను. మర్ఫా తప్ప ఏమీ వినబడలేదు. గేర్ రాడ్ మీద చెయ్యి పెట్టాను. డప్పుల మోత అరచేతిలోనే మోగుతోంది. ఇంజన్ ఏదో, డప్పు ఏదో నాకే తెలియలేదు. నలుగురిలో నేను ఆయన్ను నవ్వులపాలు చేసిన మాట, ఇప్పుడు నా అరచేతిలో ఉంది.

"భాయ్, ఇంజన్ బంద్ చెయ్."

"పాగల్ అయినవా?"

"బంద్ చెయ్. లేకుంటే షాదీఖానా రాకముందే బేరింగులు పోతయి. బండి కబాడీకి పోతది."

ఆయన వెనక అద్దంలో పెళ్లికొడుకును చూశాడు. "ఆగొద్దు యాద్గిరీ. ఏదన్న చెయ్, బండి ఆగొద్దు."

"ఆగొద్దంటే చక్రం ఆగొద్దు. ఇంజన్ ఆగితే ఎవరికి తెలుస్తది?"

కారు కదులుతుండగానే దిగి, వెనక్కి పోయి భుజం ఆనించాను. ఎగురుతున్న కుర్రాళ్లలో ఇద్దరిని చెయ్యి పట్టి లాగాను. "జర నూకుండ్రి బాబూ, దూల్హా బరువెక్కువున్నడు!" వాళ్లకు అదొక సంబరం. ఇంకో నలుగురు వచ్చారు. ఖాజా భాయ్ తాళం తిప్పి ఇంజన్ ఆపాడు, చక్రం ఆగలేదు. మర్ఫా మోతలో ఎవరికీ తేడా తెలియలేదు. వెనక సీట్లో ముసలాయన ఒకరు కిటికీలోంచి తల బయటపెట్టి, "వాహ్, ఎంత మెత్తగ నడుపుతున్నడు!" అన్నాడట. ఖాజా భాయ్ ఆ ముచ్చట బతికున్నంతకాలం చెప్పుకున్నాడు.

షాదీఖానా ముందు, పెళ్లికి పిలుపున్న హమీద్ సాబ్ నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా చెమటతో, చొక్కా నిండా గులాబీ రేకులతో కారు వెనకాల ఉన్న నన్ను చూశాడు.

"యాద్గిరీ, నా బండికి ఇంజన్ లేదా?"

"ఉన్నది సాబ్. ఉండాలనే నూకుకుంట తెచ్చిన. రేపు పొద్దున షెడ్డుకు రాండ్రి, చూపిస్త."

రెండు లెక్కలూ తప్పే

మరునాడు ఆయన ముందే ఆయిల్ నట్టు విప్పాను. ధారగా, కిరసనాయిలులా దూకింది. ఒక చుక్క ఆయన వేళ్ల మీద పెట్టాను. రుద్ది, వాసన చూసి, "పెట్రోల్!" అన్నాడు. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, సంప్, దించి చూస్తే బేరింగుల పైపొర అప్పుడే చెదరడం మొదలైంది. క్రాంక్ మాత్రం బాగుంది. ఇంజన్ దించాల్సిన పని లేదు, బేరింగులు మారిస్తే చాలు.

"సాబ్, పోయినసారి ఖాజా భాయ్ కాలు తప్పు కాదు. నా లెక్క తప్పు. ఆయన మీద పెట్టింది గూడ నా తప్పే."

ఆ రోజు నవ్వినవాళ్లలో సగం మంది షెడ్డులో లేరు. అవమానం చేసేటప్పుడు ఎంతమంది ఉంటారో, దాన్ని వెనక్కి తీసుకునేటప్పుడు అంతమంది ఉండరు. పక్క షెడ్డుకు పోయి వాళ్లకూ చెప్పాను. "ఏ ముచ్చట?" అన్నారు. వాళ్లు మర్చిపోయారు. ఖాజా భాయ్ మర్చిపోలేదని నాకు తెలుసు.

హమీద్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "మల్లా చాంద్ లెక్క పెట్టుదమా?"

"చాంద్ లెక్క నా లెక్క కంటే నయం సాబ్. కానీ అది గూడ సరి కాదు. ఆషాఢంల, మొహర్రంల పెళ్లిళ్లుండయి, బండి కదలది. అప్పుడు మంచి ఆయిల్ పారేస్తం. పెళ్లిళ్ల రోజులల్ల నెల దాంక ఆగలేం."

ఖాజా భాయ్ అప్పుడు నోరు తెరిచాడు. "నీ మైలు వేరు, నా మైలు వేరు ఉస్తాద్. నాది బారాత్ మైలు. గల్లీ మూల తిరిగితే పక్క ఊరు పోయినట్టు."

హమీద్ సాబ్ ముందు నవ్వాడు. తర్వాత నేను. చివరికి ఖాజా భాయ్ కూడా.

ఆ రోజు నుంచి మా షెడ్డులో అదే లెక్క. నేను స్లో రన్నింగ్ స్క్రూ సరిచేసి, చోక్ లేకున్నా ఇంజన్ ఆగకుండా చేశాను. ఒక్కో బారాత్ అయ్యాక చుక్క తీసి ఇద్దరం రుద్ది, వాసన చూసేవాళ్లం. నాలుగో బారాత్ తర్వాత పెట్రోలు వాసన తేలేది. కాబట్టి నాలుగు. ఖాజా భాయ్ ప్రతి బారాత్ తర్వాత కారు అలంకారం నుంచి ఒక జరీ దారం తీసి స్టీరింగ్ కింది కడ్డీకి కట్టేవాడు. నాలుగు దారాలైతే ఆయిల్ మార్చి, దారాలు విప్పేసేవాడు. మళ్లీ మీసానికి అత్తరు వచ్చింది.

పిల్లలకు కొన్ని మాటలు

ఇంజన్ ఎంత తిరిగిందో మీటరు చెప్పదు, చక్రం ఎంత తిరిగిందో చెప్తుంది. రెండూ ఒకటే అనుకుని నేనొక ఇంజన్ పోగొట్టాను. పుస్తకం తప్పు చెప్పలేదు. రోడ్డు మీద పరుగెత్తే బండికి అది రాసిన అంకె సరైనదే. పుస్తకం రాసినవాళ్లకు మర్ఫా ముందు నడిచే బండి తెలియదు. ఆ తేడా చూడడానికే మనల్ని పెట్టుకుంటారు.

ఆయిల్ తగ్గితే ఎవరైనా భయపడతారు. తగ్గకపోయినా, పెరిగినా ఎక్కువ భయపడండి. చుక్కను వేళ్ల మధ్య రుద్దడానికి సిగ్గుపడకండి.

నేను చేసిన పిచ్చి పనులు ఇంకా ఉన్నాయి. తీసేసిన పాత ఆయిల్‌ను మల్‌మల్ గుడ్డలో వడపోసి మళ్లీ పోయమని ఒకాయన అడిగితే, కాదనలేక పోశాను. గుడ్డ చెత్తను ఆపుతుంది కానీ, ఆయిల్లో పోయిన బలాన్ని తేలేదు. ఇంకోసారి ఆయిల్ నట్టు చేతితో తిప్పి, పానాతో బిగించడం మరిచి ట్యాక్సీని పంపేశాను. జూ పార్కు గేటు దాకా గీత గీసుకుంటూ పోయింది. ఆ గీత వెంట సైకిల్ తొక్కుతూ పోయి బండిని పట్టుకున్నాను. నట్టు బిగించాక పానా కింద పెట్టకుండా ఇంకోసారి తాకి చూడండి.

బండి చెడితే నడిపేవాడిని తిట్టడం మన వృత్తిలో తేలిక. ఆయన చదువుకోలేదని కాదు, ఆయన అక్కడ ఒంటరిగా ఉంటాడు కాబట్టి. ముందు ఆయన పక్కన కూర్చోండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మూడు దారాలు

ఎనభైలలో పెళ్లివాళ్లకు కొత్త రకం కార్ల మీద మోజు పుట్టింది. షాదీ బండికి పిలుపులు తగ్గాయి. హమీద్ సాబ్ దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఖాజా భాయ్‌ను వదల్లేదు, వ్యాన్ ఇచ్చాడు. "ఖాజా లేకుంటే షెడ్డుల అత్తరు వాసన ఎట్ల వస్తది?" అన్నాడు.

బహదూర్‌పురా నుంచి ఒకాయన కొనడానికి వచ్చాడు. ముందు మీటరు చూశాడు, ముఖం వెలిగిపోయింది.

"ఇంత పాత బండి గింతనే తిరిగిందా!"

నేనూ, ఖాజా భాయ్ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. హమీద్ సాబ్ మాత్రం నవ్వలేదు.

"యాద్గిరీ, ఆయనకు బారాత్ మైళ్లల్ల చెప్పు."

అంతా చెప్పాను. ఒకసారి ఇంజన్ దిగిన సంగతీ చెప్పాను. ఆయన ఆ తర్వాత కూడా కొన్నాడు. ఇంత చెప్పినవాళ్లు ఇంకేం దాస్తారు అన్నాడు.

హమీద్ సాబ్ నా వైపు తిరిగాడు. "కొత్త ఆయిల్ పోసి ఇయ్యి."

"అమ్మేసినం గదా సాబ్! దారాలు గూడ మూడే ఉన్నయి."

"నా షెడ్డుల నుంచి పోయే బండి గట్లనే పోనిస్తవా?"

నేను ఆయిల్ మార్చాను. ఖాజా భాయ్ వంగి మూడు దారాలూ విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. పూర్వం అదే జేబులో ఆయన ఒక గుడ్డను మడిచి పెట్టుకోవడం నేను చూశాను. ఈసారి ముఖం వేరుగా ఉంది.

కొన్నాయన అడిగాడు, "మరి నేను ఎప్పుడెప్పుడు మార్చాలె?"

నేను నోరు తెరిచేలోపే ఖాజా భాయ్ అందుకున్నాడు. "నువ్వు ఏం పనికి తిప్పుతవ్ భాయ్?"

"పిల్లలను ఇండ్లకాడ ఎక్కించుకొని బడిల దింపుత."

"గల్లీ గల్లీల ఆగుకుంటనా?"

"మరి? ఇల్లిల్లూ ఆగాలె."

"అయితే ఇప్పుడే చెప్పలేం. రేపు పొద్దున మా ఉస్తాద్ వచ్చి నీ బండ్ల కూసుంటడు." నా భుజం మీద చెయ్యి వేశాడు. "నేను నేర్పిన, మంచిగ కూసుంటడు."

మరునాడు పొద్దున బహదూర్‌పురాలో ఆ తెల్ల కారులో కూర్చున్నాను. ఒకప్పుడు పెళ్లికొడుకులు కూర్చున్న సీటు మీద, ఆరుగురు పిల్లల మధ్య, ఒళ్లో రెండు పుస్తకాల సంచులతో. ఇల్లిల్లూ ఆగుతూ పోతున్నాం. నేను మెడ చాచి ప్రెషర్ ముల్లునే చూస్తున్నాను. పక్కనున్న రెండు జడల పిల్ల నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అంకుల్, మీరు ఏ క్లాస్?"

ముందు సీట్లో డ్రైవ్ చేస్తున్నాయన పగలబడి నవ్వాడు. నేను ముల్లు మీద నుంచి కన్ను తిప్పకుండానే చెప్పాను.

"ఇయ్యాలనే చేరిన, బిడ్డా."